నీళ్ల ముయ్యి

పక్క ఊరి కుళాయి ఎండితే మన ఊరు ఆదుకోవాలి. మంచి మాటే. అయితే ఏ గొట్టంతో, ఎవరి ఖర్చుతో, ఎవరి అనుమతితో? మూడు రాష్ట్రాల ముడిలో ఉన్న హోసూరు, కృష్ణగిరి ప్రాంతం నుంచి ఒక కథనం.

2019 జూలై 12 ఉదయం. జోలార్‌పేట స్టేషన్ నుంచి ఒక గూడ్సు బండి మద్రాసుకు కదిలింది. యాభై వ్యాగన్లు, ఒక్కోదాంట్లో యాభై వేల లీటర్ల చొప్పున 25 లక్షల లీటర్ల మంచినీళ్లు. రెండు వందల కిలోమీటర్లు దాటి విల్లివాక్కం చేరిన ఆ బండికి మంత్రులు ఎదురెళ్లి స్వాగతం చెప్పారు. నిజానికి అది అంతకు ఒకరోజు ముందే రావాలి. నీళ్ల ట్యాంకు నుంచి రైలుకట్ట దాకా కొత్తగా వేసిన గొట్టం వాల్వుల దగ్గర కారింది. ఆ లీకు ఆపేసరికి రోజు గడిచింది.

ఆ ఏడాది మద్రాసుకు నీళ్లిచ్చే చెరువులు నాలుగూ ఎండాయి. రోజుకు 83 కోట్ల లీటర్లు ఇవ్వాల్సిన జలమండలి 52 కోట్లతో సరిపెడుతోంది. ఈ లెక్కలో 25 లక్షల లీటర్లు ఏ మూలకు? అయినా ఆరు నెలల పాటు రోజుకు కోటి లీటర్లు రైళ్లలో తేవాలని ప్రభుత్వం 65 కోట్ల రూపాయలు కేటాయించింది. ఆ నీళ్లు మేట్టూరు దగ్గర కావేరిలో తోడి, వేలూరు జిల్లా ఊళ్ల దాహం తీర్చడానికి తెచ్చినవి. తమ వాటా తగ్గితే ఊరుకోమని ఆ జిల్లాకే చెందిన డీఎంకే నాయకుడు దురైమురుగన్ హెచ్చరించారు. అంతకు ముందు నెలలో కేరళ ప్రభుత్వం 20 లక్షల లీటర్లు రైల్లో పంపుతామంటే, తమిళనాడు మొదట ఇప్పుడు అక్కర్లేదంది. విమర్శలు వచ్చాక మాట మార్చి, ఇచ్చేదేదో రోజూ ఇవ్వండని అడిగింది.

ఇచ్చేవాళ్లున్నారు, పుచ్చుకునేవాళ్లున్నారు, నీళ్లూ ఉన్నాయి. అయినా గొట్టం కారింది, జిల్లా అలిగింది, పక్క రాష్ట్రం పిలుపు ముందు చెవికెక్కలేదు. ఆపదలో నీళ్ల సంస్థలు ఒకదానికొకటి చేయందించడంలో చిక్కంతా ఈ అతుకుల దగ్గరే.

మూకండపల్లి నుంచి చూస్తే

హోసూరు నుంచి బెంగళూరు వైపు హైవే ఎక్కితే, సిప్‌కాట్ ఫ్యాక్టరీల నడుమ వస్తుంది మూకండపల్లి. ఒకప్పుడు రాగిచేల పల్లె. డెబ్బైల్లో తమిళనాడు ప్రభుత్వం ఇక్కడ సిప్‌కాట్ పారిశ్రామికవాడ వేసింది. ఆ తర్వాత ఊరూ హోసూరులో కలిసిపోయింది. ఇంట్లో తెలుగు, బళ్లో తమిళం, సంతలో కన్నడం, ఫ్యాక్టరీ గేటు దగ్గర హిందీ. ఇంకొంచెం ముందుకెళ్తే జూజువాడి చెక్‌పోస్టు, అది దాటితే కర్ణాటక అత్తిబెలె. ఇటు తూర్పున వేపనపల్లి మీదుగా వెళ్తే ఆంధ్రా కుప్పం. మొరసునాడు అని మన రచయితలు ముద్దుగా పిలుచుకునే సీమ ఇది. మ్యాపులో మూడు రాష్ట్రాలైనా, చుట్టరికాల్లో ఒకటే నాడు.

నీళ్ల లెక్కలో మాత్రం మూడూ మూడే.

హోసూరు సముద్రమట్టానికి సుమారు తొమ్మిది వందల మీటర్ల ఎత్తున ఉంది. వాన పడితే చెరువు, లేకపోతే బోరు. బోర్లు లోతుకు వెళ్లేకొద్దీ ఫ్లోరైడు తగిలింది. నల్గొండ జిల్లా గురించి తెలిసిన తెలుగు పాఠకులకు ఆ మాట విప్పి చెప్పక్కర్లేదు. ధర్మపురి, కృష్ణగిరి జిల్లాల పిల్లల పళ్ల మీద గారలు, పెద్దల వంగిన కాళ్లు చూశాకే హొగెనకల్ పథకం పుట్టింది. 2008 ఫిబ్రవరిలో శంకుస్థాపన, 2013 మే నెలలో ప్రారంభం. జపాన్ అప్పుతో, 1,900 కోట్ల పైచిలుకు ఖర్చుతో కట్టారు. కావేరి నీటిని జలపాతం దగ్గర తోడి, శుద్ధి చేసి, కొండలెక్కించి రెండు జిల్లాలకూ పంచుతున్నారు. హొగెనకల్ హోసూరుకు సుమారు ఆరు వందల మీటర్లు కింద ఉంది. అంటే మూకండపల్లిలో కుళాయి తిప్పినవాడి బిందెలోకి వచ్చే నీటి వెనుక ఒక కొండంత కరెంటు ఉంది. ఆ కరెంటు ఆగినా, ఆ గొట్టం ఎక్కడైనా పగిలినా, కింద కావేరి నిండుగా పారుతున్నా పైన బిందె ఖాళీయే.

బెంగళూరు కథ దీనికి కవల. అదీ కావేరి నీళ్లే తాగుతుంది. మండ్య జిల్లా తొరెకాడనహళ్లి నుంచి వంద కిలోమీటర్ల దూరం, సుమారు అయిదు వందల మీటర్ల ఎత్తు, మూడు మజిలీల్లో తోడుకుంటుంది. 2024 అక్టోబరులో కావేరి పథకం అయిదో దశ ప్రారంభమయ్యాక రోజుకు మరో 77 కోట్ల లీటర్లు తోడే సత్తా వచ్చింది. వాడిన నీళ్లలో పెద్ద భాగం తిరిగి కావేరికి పోదు. బెళ్లందూరు, వర్తూరు చెరువుల్లోంచి దక్షిణ పినాకినిలో కలిసి, హోసూరు పక్కనున్న కెలవరపల్లి ఆనకట్టకు వస్తుంది. వానలు పడి గేట్లు ఎత్తినప్పుడు ఏటి మీద తెల్లటి నురగ గుట్టలు లేస్తాయి. ఏడాదికోసారైనా ఆ ఫొటో పత్రికల్లో చూస్తూనే ఉన్నాం.

ఒకే నదిని పై ఊరు ఒకచోట, కింది ఊరు మరోచోట తోడుకుంటున్నాయి. బెంగళూరు జలమండలి గొట్టాలున్న ఎలక్ట్రానిక్ సిటీకి, మూకండపల్లికి మధ్య దూరం ఇరవై కిలోమీటర్ల లోపు. రెండు వ్యవస్థలకూ యజమానులు వేరు, చట్టసభలు వేరు, కోర్టు కేసులు ఉమ్మడి. పై ఊరి నుంచి కింది ఊరికి క్రమం తప్పకుండా అందుతున్నది మురుగు ఒక్కటే. నాకిది దుర్మార్గం కన్నా అలవాటుగా కనిపిస్తుంది. పొరుగువాడితో నీళ్ల మాటెత్తితే తగాదాయే తప్ప సాయం గుర్తుకు రాని అలవాటు.

కాగితం ముందు, కాలువ తర్వాత

ఈ ప్రాంతపు పల్లెల్లో సాయానికి పద్ధతి లేక కాదు. రాగి కోతలకు ముయ్యి ఉండేది. మా ఇంటి నుంచి ఇద్దరు మీ చేలో రెండు రోజులు కోస్తే, మీ ఇంటి నుంచి ఇద్దరు మా చేలో రెండు రోజులు కోయాలి. కూలి డబ్బులుండవు, లెక్క మాత్రం తప్పదు. చెరువు నీళ్లకు నీరుగంటి ఉండేవాడు. ఏ మడికి ఎంతసేపు తూము తియ్యాలో ఆయన చెప్పిందే మాట. పై చెరువు మరవ పారితే ఆ నీళ్లు కింది చెరువుకు చేరేలా గొలుసు కట్టారు. కరువు వచ్చాక కూర్చుని మాట్లాడుకున్న పద్ధతులు కావివి. వానలున్న రోజుల్లోనే కుదిరినవి.

ఈ తరహా ముందస్తు ఒప్పందం పెద్ద ఎత్తున పనిచేసిన ఉదాహరణ మనకు దగ్గర్లోనే ఉంది. 1983 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్, తమిళనాడు తెలుగుగంగ ఒప్పందం చేసుకున్నాయి. కృష్ణాలో తమ వాటాల నుంచి మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్ర తలా 5 టీఎంసీలు మద్రాసు దాహానికి వదలాలి. దారిలో ఆవిరి పోగా 12 టీఎంసీలు చేరాలి. ఎన్టీఆర్, ఎమ్జీఆర్ హయాంలో మొదలైన పని. కండలేరు జలాశయం నుంచి మద్రాసు దగ్గరి పూండి చెరువుకు నీళ్లు పారింది 1996లో. మొదట్లో కాలువ గట్లు నిలవక చాలా నీళ్లు దారిలోనే పోయేవి. తర్వాత పుట్టపర్తి సాయిబాబా సంస్థ డబ్బు పెట్టి కాలువ బాగు చేయించింది. ఒప్పందంలో రాసినంత నీరు ఏటా వచ్చిందా అంటే లేదు, అది వేరే పంచాయితీ. చూడవలసింది 2019. జోలార్‌పేట రైలు నడుస్తున్న రోజుల్లోనే, ఆగస్టు 9న, తమిళనాడు మంత్రులు అమరావతి వచ్చి ముఖ్యమంత్రి జగన్‌మోహన్‌రెడ్డిని కలిశారు. మద్రాసుకు నీళ్లు కావాలన్నారు, ఆయన సరేనన్నారు. ఆ సరేకి అర్థం ఉంది. ఎందుకంటే కాలువ అప్పటికే తవ్వి ఉంది, వాటా రాసి ఉంది, సరిహద్దు దగ్గర నీళ్లు కొలిచే చోటు ఖరారై ఉంది. జోలార్‌పేటలో గొట్టం వెయ్యడం నుంచి మొదలుపెట్టాలి, కండలేరులో గేటు ఎత్తితే చాలు.

ముందే రాసుకోకపోతే ఏమవుతుందో లాతూరు సంగతి చూడండి. 2016 ఏప్రిల్‌లో మిరజ్ నుంచి ఆ మరాఠ్వాడా పట్నానికి నీళ్ల రైలు వెళ్లింది. నూనెలు మోసే వ్యాగన్లను రాజస్థాన్ కోటా వర్క్‌షాపులో ఆవిరి పట్టి కడిగి తెచ్చారు. మొదట పది వ్యాగన్లు, తర్వాత యాభై. దేశమంతా చప్పట్లు కొట్టింది. మే నెలలో రైల్వే నుంచి జిల్లా కలెక్టరుకు నాలుగు కోట్ల రూపాయల బిల్లు వచ్చింది! గొడవ రేగాక మాఫీ మాట వినిపించింది. సాయమా, రవాణానా, అప్పా? బండి కదలకముందే తేల్చుకోవలసిన సంగతి అది.

తుపాను పోయాక, వరద తీశాక

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను కొట్టినప్పుడు జలాశయాల్లో నీళ్లకు కొదవ లేదు. కరెంటు స్తంభాలు కూలడంతో పంపులు ఆగాయి. నగరానికి అప్పుడు కావలసింది నీళ్ల కన్నా ముందు జనరేటర్లు, లైన్‌మన్లు, ట్యాంకర్లు. కరెంటు సంస్థలకు ఈ విషయంలో అలవాటుంది. తుపాను వచ్చిందంటే పక్క రాష్ట్రాల నుంచి లైన్‌మన్లు, స్తంభాలు, రంపాలు కదులుతాయి. 2018లో గజ తుపాను తంజావూరు సీమను ఊడ్చేస్తే పొరుగు రాష్ట్రాల సిబ్బంది వెళ్లారు. 2019లో ఫణి ఒడిశాను కొడితే ఆంధ్రా నుంచి వెళ్లారు. నీళ్ల సంస్థల్లో ఈ ఒరవడి అంతగా స్థిరపడలేదు. ఫిట్టరు, పంపు మెకానిక్కు, నీళ్లు పరీక్షించే కెమిస్టు పక్క రాష్ట్రానికి వెళ్లారన్న వార్త మీరెప్పుడైనా చదివారా?

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు విజయవాడను ముంచింది. మర్నాడు ప్రకాశం బ్యారేజి దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు. సింగ్ నగర్ ఇళ్లలో నడుములోతు నీళ్లు, తాగడానికి చుక్క లేదు. డ్రోన్లతో కూడా నీళ్ల సీసాలు అందించారు. వరద తీశాక ఇంకో కష్టం, ఇళ్ల నిండా బురద. వేరే ఊళ్ల నుంచి పారిశుధ్య కార్మికులు, ఫైరింజన్లు వచ్చి వీధులూ ఇళ్లూ కడిగారు. ఫైరింజన్ ఏ ఊరిదైనా పని ఆగలేదు. అందుకో చిన్న కారణం ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. అగ్నిమాపక గొట్టాల మూతులకు మన దేశంలో ఒక ప్రమాణం ఉంది, ఐఎస్ 903. 63 మిల్లీమీటర్ల కప్లింగు. అనంతపురం గొట్టం విశాఖ బండికి పట్టేస్తుంది.

ఆ ప్రమాణం విలువ తెలియాలంటే అమెరికా వెళ్లాలి. 1904 ఫిబ్రవరిలో బాల్టిమోర్ తగలబడుతుంటే వాషింగ్టన్, ఫిలడెల్ఫియాల నుంచి ఫైరింజన్లు రైళ్లెక్కి వచ్చాయి. దిగి చూస్తే వాటి గొట్టాలు బాల్టిమోర్ హైడ్రెంట్లకు పట్టలేదు. మర అచ్చు వేరు. పదిహేను వందల భవనాలు కాలిపోయాయి. సరే, పాత కాలం అనుకుందాం. 1991 అక్టోబరులో కాలిఫోర్నియా ఓక్లాండ్ కొండల్లో మంటలు రేగినప్పుడు మళ్లీ అదే తంతు. పొరుగూళ్ల గొట్టాలు రెండున్నర అంగుళాలవి, ఓక్లాండ్ హైడ్రెంట్లు మూడంగుళాలవి. ఇరవై అయిదు మంది చనిపోయారు. కారణాలు చాలా, అందులో ఇదొకటి.

ఆ మంటలూ, అంతకు రెండేళ్ల ముందటి భూకంపమూ చూసిన కాలిఫోర్నియా నీళ్ల సంస్థలు 1992లో ఒక పొత్తు పెట్టుకున్నాయి. ఆపదలో సభ్యుడు సభ్యుణ్ని నేరుగా పిలవొచ్చు. వచ్చిన సిబ్బంది జీతం, డీజిలు, బీమా ఎవరు భరించాలో ముందే సంతకాలు. రావడం తప్పనిసరి కాదు, తనకే ఇబ్బందైతే రానని చెప్పొచ్చు. ఈ చివరి నియమమే నాకు అన్నిటికన్నా తెలివిగా తోస్తుంది. కాదనే హక్కు ఉన్నచోటే సంతకం పెట్టడానికి భయం ఉండదు. 2005లో కత్రినా తుపాను తర్వాత ఈ పద్ధతి అమెరికా అంతటా పాకింది. మన తెలుగువాళ్లు వేలల్లో స్థిరపడిన టెక్సస్‌లోనూ అలాంటి పొత్తు ఉంది. జపాన్‌దీ ఇదే అనుభవం. 1995 జనవరి కోబె భూకంపంలో పన్నెండు లక్షలకు పైగా ఇళ్లకు నీళ్లు ఆగితే, దేశంలోని ఇతర నగరాల జలసంస్థలు తమ ట్యాంకర్లతో, మనుషులతో వెళ్లి నిలబడ్డాయి. అయినా పూర్తిగా బాగుపడడానికి మూడు నెలలు పట్టింది.

మనం చేతకానివాళ్లమేమీ కాదు. 2014 డిసెంబరు 4న మాల్దీవుల రాజధాని మాలేలో సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే కర్మాగారానికి నిప్పంటుకుంది. లక్షమంది పైగా ఉన్న దీవికి వేరే దారి లేదు. మర్నాడే మన వైమానిక దళం విమానాలు అరక్కోణం మీదుగా నీళ్లు మోసుకెళ్లాయి. వెనకే ఓడల్లోనే నీళ్లు శుద్ధి చేసే నౌకాదళం. 2018లో కేరళ మునిగితే తెలంగాణ పాతిక కోట్లతో పాటు రెండున్నర కోట్ల విలువైన ఆర్వో యంత్రాలు ప్రకటించింది. పుణె, రత్లాంల నుంచి నీళ్ల రైళ్లు వెళ్లాయి. సైన్యం, రైల్వే, ముఖ్యమంత్రి ఫోను. ఈ మూడూ కదిలితే మనకు ఏ పనైనా అవుతుంది. కదలడానికి తగినంత పెద్ద ఆపద రావాలి, కెమెరాలు రావాలి. మూకండపల్లిలో వారం రోజులు గొట్టం పగిలి ఉంటే ఆ మూడింటిలో ఏదీ కదలదు.

ట్యాంకరు సరిహద్దు దాటాలంటే

2024 మార్చిలో బెంగళూరు వంతు వచ్చింది. సర్కారీ బోర్లు పద్నాలుగు వేలలో 6,900 ఎండిపోయాయని ముఖ్యమంత్రి సిద్ధరామయ్యే చెప్పారు. ట్యాంకర్ల ధరలకు పగ్గం వేశారు. అయిదు కిలోమీటర్ల లోపు 6 వేల లీటర్లకు 600, 12 వేల లీటర్లకు వెయ్యి రూపాయలు. ఖాళీగా ఉన్న పాల సమాఖ్య ట్యాంకర్లతో కూడా నీళ్లు తోలిస్తామని ఉపముఖ్యమంత్రి డి.కె.శివకుమార్ ప్రకటించారు. నాకు నచ్చిన నిర్ణయం అది. శుభ్రంగా కడిగే అలవాటున్న స్టీలు ట్యాంకరు, ఎప్పుడూ పద్ధతిగా తిరిగే డ్రైవరు. పాలవాడు నీళ్లవాణ్ని ఆదుకోవడమంటే ఇదే. పొరుగు రాష్ట్రాలు ఏం చేశాయంటారా? మా దగ్గర 44 నదులున్నాయి, కంపెనీలు మా రాష్ట్రానికి వచ్చేయండని కేరళ మంత్రి ఒకరు పిలుపిచ్చారు. వ్యాపారం వ్యాపారమే.

హోసూరులో అలాంటి రోజు వస్తే? లెక్క చూద్దాం. ఆపదలో మనిషికి రోజుకు కనీసం 15 లీటర్లు కావాలన్నది సహాయ సంస్థలు అంతర్జాతీయంగా పాటించే కొలత. తాగడానికి, వండడానికి, కడుక్కోవడానికి అంతే, స్నానం ఊసెత్తొద్దు. రెండు లక్షల మందికి రోజుకు 30 లక్షల లీటర్లు. జోలార్‌పేట రైలు మొత్తం తెచ్చినా చాలదు. 12 వేల లీటర్ల ట్యాంకర్లయితే 250 ట్రిప్పులు. ఇన్ని ట్యాంకర్లు ఒక్క ఊళ్లో దొరకవు. అత్తిబెలె నుంచి, కృష్ణగిరి నుంచి, కుప్పం నుంచి రావాలి. వచ్చినదాని మూతి మన తొట్టి గొట్టానికి పట్టకపోతే ఏం చేస్తామో అందరికీ తెలుసు. పాత సైకిల్ ట్యూబు చుట్టి తాడు బిగిస్తాం. బిందెకు అది చాలు. ఊరి ఓవర్‌హెడ్ ట్యాంకులోకి ఒత్తిడితో ఎక్కించాలంటే చాలదు. క్లోరిన్ ఎవరు చూస్తారు? కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగలాలని ప్రమాణం. కర్ణాటక ట్యాంకరులో నీళ్లను తమిళనాడు కెమిస్టు పరీక్షించాలా, తోలినవాడి చీటీ చాలా?

ఇక రాజకీయం. 2016 సెప్టెంబరు 12న కావేరి తీర్పు మీద బెంగళూరులో బస్సులు తగలబడ్డాయి. జూజువాడి దగ్గర బండ్లు నిలిచిపోయాయి, జనం మూటలు నెత్తిన పెట్టుకుని నడిచి సరిహద్దు దాటారు. అలాంటి వారంలో హోసూరు గొట్టం పగిలితే కర్ణాటక ట్యాంకరు వస్తుందా? రాజధానుల అనుమతి కోసం చూస్తే రాదు. జిల్లా కలెక్టరు, నగరపాలక కమిషనరు స్థాయిలో ముందే సంతకమైన కాగితం ఉంటే రావడానికి వీలుంటుంది. నదీజలాల వాటాకూ దీనికీ సంబంధం లేదని ఆ కాగితం మొదటి వాక్యంలోనే రాయాలి. ఆపదలో ఇచ్చిన నీళ్లు రేపు ట్రిబ్యునల్లో హక్కుగా మారవని తెలిస్తేనే ఇచ్చేవాడు నిశ్చింతగా ఇస్తాడు. వేపనపల్లి మీదుగా వచ్చే మార్కండేయ నది మీద కర్ణాటక యార్గోళ్ దగ్గర కట్టిన ఆనకట్ట గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లిన చోట ఇది చిన్న జాగ్రత్త కాదు.

2005 విపత్తు నిర్వహణ చట్టం అధికారులకు బండ్లను, సరుకులను స్వాధీనం చేసుకునే అధికారం ఇచ్చింది. దేశంలో ఎక్కడ ఏ యంత్రం ఉందో చెప్పే ప్రభుత్వ జాబితా కూడా కంప్యూటర్లో ఉంది. గుంజుకునే అధికారం ఉంటే బండి వస్తుంది. దాంతో పాటు పంపు తెలిసిన మనిషి ఇష్టంగా రావాలంటే ముయ్యి లెక్క కావాలి.

అందులో ఫ్యాక్టరీలనూ కలపాలి. సిప్‌కాట్‌లో పెద్ద జనరేటర్లున్నాయి, సొంత నీటిశుద్ధి యంత్రాలున్నాయి, వాటిని నడిపే ఇంజినీర్లున్నారు. పండగ సెలవుల్లో అవన్నీ ఊరికే ఉంటాయి. ఊరి నీళ్లు ఆగిన రోజు ఫ్యాక్టరీ గేటు తెరవాలని, ఫ్యాక్టరీకి ఆగిన రోజు ఊరి ట్యాంకరు వెళ్లాలని రాసుకోవడానికి కాబినెట్ తీర్మానం అక్కర్లేదు. ఏడాదికోసారి ఎండాకాలం ముందు ఒక ఆదివారం ఉత్తుత్తి కసరత్తు చేయాలి. అత్తిబెలె ట్యాంకరును పిలిచి, మూకండపల్లి తొట్టికి తగిలించి, ఎక్కడ కారుతోందో చూసుకోవాలి. జోలార్‌పేటలో కారిన వాల్వును కరువు నడిమధ్యలో కనుక్కున్నారు. ముందే కనుక్కుంటే ఖర్చు ఒక రబ్బరు వాషరు.

తమిళనాడులో మార్చి 22న, ప్రపంచ నీటి దినాన, పల్లెల్లో గ్రామసభలు జరుగుతాయి. నగరాల్లో ఏరియా సభలున్నాయి. హోసూరు, కృష్ణగిరి, వేపనపల్లి పాఠకులకు ఒక విన్నపం. ఈసారి సభకు వెళ్లి ఒక్క ప్రశ్న అడగండి. మన నీళ్లు మూడు రోజులు ఆగితే మీరు ముందుగా ఏ ఊరికి ఫోన్ చేస్తారు, ఆ ఊరి గొట్టం మన తొట్టికి పడుతుందా? జవాబు నోటిమాటగా వద్దనండి. కాగితం మీద, పక్క ఊరి సంతకంతో సహా చూపించమనండి.